షాక్ సీన్ రాసే ముందు ఒక్కసారి ఇది చదవండి: కథా రచయితలకు నెల్లూరు నుంచి బహిరంగ లేఖ

సినిమాలకు, సీరియళ్లకు, వెబ్ సిరీస్‌లకు కథలు, మాటలు రాసే అన్నలకు, అక్కలకు నమస్కారం.

మీలో ఎవరినీ పేరు పెట్టి అనడం లేదు, ఏ సినిమా పేరూ ఎత్తడం లేదు. ఎందుకంటే నేను చెప్పబోయే సీను ఒకరిది కాదు, తరతరాలుగా చేతులు మారుతూ వస్తున్నది. రెండు ముక్కలు చెబితే మిగతాది మీకే గుర్తొస్తుంది. చీకటి గది, పైన ఊగే బల్బు, ఇనప మంచం, దానికి కాళ్లూ చేతులూ కట్టేసిన మనిషి, పక్కన తెల్లకోటులో నవ్వుతూ ఒక డాక్టరు, గోడకు పెద్ద స్విచ్చు. స్విచ్ వేయగానే ఆ మనిషి గావుకేకలు పెడుతూ ఎగిరెగిరి పడతాడు. తర్వాతి సీన్లో నోటమ్మట చొంగ కారుస్తూ ఎటో చూస్తుంటాడు. ఆస్తి కోసం బాబాయి చేయిస్తాడు, లేదా ప్రేమించిందని కూతురికి తండ్రి చేయిస్తాడు, లేదా అడ్డొచ్చిన కోడలికి అత్త చేయిస్తుంది. కామెడీ అయితే అదే మంచం మీద కమెడియన్ ఉంటాడు, జుట్టు నిక్కబొడుచుకుని నోట్లోంచి పొగ వదులుతాడు.

నేను నెల్లూరులో ఒక ప్రైవేట్ ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తాను. మత్తు డాక్టర్ పక్కనే ఉండి మిషన్లు, మందులు, ఆక్సిజన్ చూసుకునే టెక్నీషియన్ని. సిజేరియన్లు, అపెండిక్సులు, విరిగిన ఎముకలు అన్నీ చేసే థియేటర్లోనే కొన్ని రోజులు పొద్దున్నే, పెద్ద ఆపరేషన్లు మొదలుకాక ముందే ఈసీటీలు జరుగుతాయి. మీరు షాక్ ట్రీట్‌మెంట్ అని రాసేది, మా దగ్గరికొచ్చేవాళ్లు కరెంటు పెట్టడం అనేది దాన్నే. అది ఎట్లా జరుగుతుందో ముందు చెప్పనివ్వండి, ఆ తర్వాత మీతో పోట్లాడతాను.

ముందురోజే రక్తపరీక్షలు, ఈసీజీ అయిపోతాయి. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినొద్దంటాం, ఏ మత్తుకైనా అంతే. తలస్నానం చేసి రమ్మంటాం, నూనె పెట్టొద్దని మరీ మరీ చెబుతాం, ఎందుకంటే కణతల దగ్గర ఎలక్ట్రోడ్ సరిగ్గా ఆనాలి. అయినా ఎవరో ఒక పెద్దామె, ఆస్పత్రికి పోతూ జుట్టు విరబోసుకుని పోతే ఏం బాగుంటుందని కూతురికి నిండా నూనె రాసి జడేసి మరీ పంపిస్తుంది. అప్పుడు స్పిరిట్ దూదితో తుడుచుకుంటూ కూర్చోవడం నా పని. పిన్నులు, కమ్మలు, కట్టుడు పళ్లు ఉంటే తీసి రోగి వెంట వచ్చిన అటెండర్ చేతికిస్తాం. బాత్రూంకి వెళ్లొచ్చారా అని అడుగుతాం. మంచం మీద పడుకోబెట్టి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు, చేతికి బీపీ పట్టీ పెడతాం. మత్తు డాక్టర్ సూది వేస్తారు, మనిషి నిద్రలోకి జారుకుంటుంది. కట్లు లేవు, తాళ్లు లేవు. నిద్రపోయే మనిషిని కట్టేయాల్సిన పని ఏముంది?

ఇప్పుడు మీకు పనికొచ్చే ఒక చిన్న సంగతి. నిద్ర పట్టాక ఇంకో మందు వేస్తారు, అది ఒంట్లోని కండరాలన్నిటినీ కాసేపు వదులు చేసేస్తుంది. ఆ మందు వేయకముందే ఒక కాలికి మడమ పైన బీపీ పట్టీ చుట్టి గాలి బిగిస్తాం, మందు ఆ పాదానికి చేరకుండా. కరెంటు వెళ్లేది కొన్ని సెకన్లే. దానివల్ల మెదడులో ఫిట్స్ వస్తుంది, అసలు వైద్యం చేసేది ఆ ఫిట్సే, కరెంటు దాన్ని తెప్పించే సాధనం మాత్రమే. ఒళ్లంతా వదులై ఉంటుంది కాబట్టి ఎగిరిపడటం ఏమీ ఉండదు. దవడ బిగుసుకుంటుంది, అందుకే ముందుగానే పళ్ల మధ్య రబ్బరు ముక్క పెడతాం. ఇక పట్టీ కట్టిన ఆ ఒక్క పాదం వేళ్లు మాత్రం టకటకా అదురుతుంటాయి. అర నిమిషం, మహా అయితే నిమిషం. సైకియాట్రిస్టు ఆ వేళ్లనే చూస్తూ టైమ్ లెక్కపెడతారు. మీరు పావుగంట అరుపులతో, మెరుపులతో తీసే సీనుకు అసలు దృశ్యం ఆ ఐదు వేళ్లే. తర్వాత ఊపిరి సరిగ్గా అందుకునేదాకా మాస్క్ పెట్టి బ్యాగుతో ఆక్సిజన్ కొడతాం, పక్కకు తిప్పి పడుకోబెడతాం. లేచాక కాసేపు తికమకగా ఉంటారు, తలనొప్పి అంటారు, ఒళ్లు నొప్పులంటారు. చాలామంది అడిగే మొదటి మాట, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని. అయిపోయిందమ్మా, ఇడ్లీ తెప్పించుకుని తినండి అంటే నమ్మరు.

దీన్ని ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వరు. మందులకు లొంగని తీవ్రమైన డిప్రెషన్, చచ్చిపోతానని పదే పదే ప్రయత్నించేవాళ్లు, తిండీ నీళ్లూ మానేసి బిగుసుకుపోయినవాళ్లు, మందులతో తగ్గని కొన్ని రకాల స్కిజోఫ్రెనియా, ఇట్లాంటివాళ్లకు ఇస్తారు. గర్భిణులకు కూడా, కొన్ని మందులకంటే ఇదే నయమని డాక్టర్లు అనుకునే సందర్భాలున్నాయి. వారానికి రెండో మూడో చొప్పున, మామూలుగా మొత్తం ఆరు నుంచి పన్నెండు దాకా.

సరే, ఇందులో మీకేం సంబంధం అంటారా? చెప్తాను.

మా జిల్లా మెట్ట నుంచి ఒక కుటుంబం వచ్చింది. గుర్తుపట్టే వివరాలు ఏవీ రాయను. కాన్పయిన కొన్ని వారాలకు ఆ అమ్మాయి మాట్లాడటం మానేసింది. కూర్చోబెడితే కూర్చున్నట్టే, చెయ్యి పైకెత్తి వదిలితే ఎత్తిన చెయ్యి అట్నే గాల్లో. నోట్లో పెట్టిన ముద్ద నోట్లోనే. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు, ఏఎస్ పేట దర్గాకు తీసుకుపోయారు, అక్కడ కొన్నాళ్లు ఉన్నారు. (ఇందులో వాళ్లను నేను తప్పు పట్టను. ఆ స్థితిలో మనిషిని చూసినవాళ్లకు ఏ గుమ్మం కనిపిస్తే ఆ గుమ్మం ఎక్కాలనిపిస్తుంది.) చివరికి ఆస్పత్రికి తెచ్చారు. సూదులతో కొంచెం కదిలింది గానీ నిలవలేదు, సైకియాట్రిస్టు ఈసీటీ అన్నారు. అంతే, వాళ్లన్న లేచి నిలబడ్డాడు. "మా చెల్లికి కరెంటు పెడతారా? మేం సినిమాల్లో చూళ్ళేదనుకున్నారా సార్? పిచ్చిదాన్ని చేసి మా మొహాన కొడితే ఆ పసిబిడ్డనెవరు సాకుతారు?" డాక్టర్ ఎంత చెప్పినా వినలేదు. ఆ డాక్టర్ గొంతును వాళ్లు అప్పుడే మొదటిసారి వింటున్నారు, మీ సీనును చిన్నప్పట్నుంచి చూస్తున్నారు. సొంత పూచీ మీద తీసుకెళ్తున్నామని సంతకం పెట్టి ఆ సాయంత్రమే వెళ్లిపోయారు.

మళ్లీ తెచ్చేసరికి ముక్కులో పైపు, నడుం దగ్గర పుండు. అప్పుడు ఒప్పుకున్నారు, ఇంకో దారి లేక. మూడోది అయ్యాక కాబోలు, రికవరీలో ఉండగా మంచినీళ్లు అడిగింది. తర్వాత బిడ్డ ఎక్కడని అడిగింది. వాళ్లన్న కారిడార్లో గోడకు ఆనుకుని నిలబడ్డాడు, పలకరిస్తే తల తిప్పుకున్నాడు. ఆ అబ్బాయి మీద నాకు ఏ కోపమూ లేదు. చెల్లెలిని కాపాడుకుంటున్నానని అనుకున్నాడు, మీ సినిమాలో హీరో సరిగ్గా చేసేది కూడా అదే కదా, తలుపు బద్దలు కొట్టి చెల్లెల్ని ఆ మంచం మీద నుంచి లేపుకుపోవడం. తేడా ఏంటంటే మీ హీరో వెళ్లేది క్లైమాక్స్ ఫైట్‌కి, ఈ అబ్బాయి వెళ్లింది ఆ అమ్మాయికి అందాల్సిన వైద్యాన్ని వాయిదా వేయడానికి.

"ఇది కల్పితం, జనానికి తెలుసు" అంటారని నాకు తెలుసు. నిజమే, జనం పిచ్చోళ్లు కాదు. హీరో తొడగొడితే సుమోలు లేచిపోతే ఈలలు వేస్తారే తప్ప ఇంటికొచ్చి తొడగొట్టి చూసుకోరు. ఎందుకంటే సుమో ఎంత బరువుంటుందో అందరికీ తెలుసు. ఒంగోలు గిత్త అని చెప్పి ఇంకేదో జాతి ఎద్దును చూపించండి, ప్రకాశం జిల్లాలో ఏ హాల్లోనైనా మొదటి ఆటకే మీ పని చెప్తారు. నెల్లూరు చేపల పులుసు అని మామిడికాయ ముక్క కూడా లేకుండా ఎర్రటి రసం ఏదో చూపించండి, మా ఆడవాళ్లు నవ్విపోతారు. మీరు ఏది రాసినా, చూసేవాడికి సొంత అనుభవం ఉన్నచోట వాడే సరిదిద్దుకుంటాడు. ఆపరేషన్ థియేటర్ తలుపు వెనక ఏం జరుగుతుందో చూసినవాళ్లు ఊరికి ఎంతమంది? ఈసీటీ చేయించుకున్నవాళ్లు ఉంటారు, కానీ వాళ్లు చెప్పుకోరు, చెప్పుకుంటే పెళ్లిళ్లు ఆగిపోతాయని ఇంట్లోవాళ్లు చెప్పనివ్వరు. అక్కడ మీ బొమ్మ ఒక్కటే బొమ్మ. దాన్ని సరిదిద్దే ఇంకో బొమ్మ లేదు.

తమాషా చూడండి. ఛాతీకి పెట్టే కరెంటు మీ కథల్లో దేవుడు. మానిటర్ మీద గీత తిన్నగా పడుకుంటుంది, డాక్టర్ రెండు ఇస్త్రీపెట్టెల్లాంటివి రుద్ది ఛాతీ మీద పెడతాడు, హీరో కళ్లు తెరుస్తాడు, హాల్లో చప్పట్లు. నిజానికి గీత పూర్తిగా పడుకున్న గుండెకు ఆ షాక్ ఇవ్వరు, ఇచ్చినా లాభం లేదు. అది గుండె గతి తప్పి అదురుతున్నప్పుడు పనికొచ్చేది. అంటే పనిచేయని చోట పనిచేసినట్టు, పనిచేసే చోట మనిషిని చంపినట్టు చూపిస్తున్నారు. మొదటిదానివల్ల నష్టం పెద్దగా లేదు, గీత చూసి షాక్ ఇవ్వండని ఏ అటెండరూ మమ్మల్ని అడగడు. రెండోదానివల్ల ఉంది. నెత్తి మీద కర్రతో కొడితే పోయిన జ్ఞాపకం తిరిగొచ్చే సీన్ల సంగతి వదిలేస్తున్నా, అన్నిటికీ గొడవ పెట్టుకుంటే నన్ను చాదస్తం అంటారు.

ఇంకో మాట ఒప్పుకోవాలి, లేకపోతే అన్యాయం. మీ సీను ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1938లో రోమ్ నగరంలో చెర్లెట్టి, బినీ అనే ఇద్దరు డాక్టర్లు మొదటిసారి ఇది చేసినప్పుడు మత్తు లేదు, కండరాల మందు లేదు. మనిషి మెలకువగా ఉండగానే ఇచ్చేవాళ్లు, నలుగురు పట్టుకునేవాళ్లు, ఆ ఫిట్స్‌లో ఎముకలు విరిగిన సందర్భాలున్నాయి. చెప్పిన మాట వినని రోగులను భయపెట్టడానికి వాడిన ఆస్పత్రులూ ప్రపంచంలో ఉన్నాయి. మత్తు, కండరాల మందు అలవాటైన తర్వాత కూడా, మన దేశంలో మత్తు డాక్టర్ దొరకడం లేదనో, ఖర్చు అనో, అవి లేకుండానే చాలాకాలం ఇచ్చారు. కాబట్టి ఆ కాలం కథ రాస్తే ఆ కాలంలా రాయండి, దాచమని అడగను, దాస్తే అదీ అబద్ధమే.

కానీ మీ కథ ఇప్పటిది. హీరో చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంటుంది, విలన్ ఎలక్ట్రిక్ కారు దిగుతాడు, ఆస్పత్రి మాత్రం 1940లోనే ఆగిపోయి ఉంటుంది. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో గుడిసెల్లో గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు మంటల్లో చిక్కుకుని చనిపోయారు, ఇరవై మందికి పైగా. పారిపోవడానికి వీల్లేకుండా కాళ్లకు సంకెళ్లు. ఆ ఘోరం తర్వాత చాలా చర్చ జరిగింది, 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే నుంచి అమల్లో ఉంది. అందులో 95వ సెక్షన్ ఒక్కసారి చదవండి, పేజీ కూడా ఉండదు. మత్తు, కండరాల మందు లేకుండా ఈసీటీ ఇవ్వడం నిషేధం. రోగిని ఏ రకంగానైనా గొలుసులతో బంధించడం నిషేధం. మైనర్లకు ఈసీటీ నిషేధం, తప్పనిసరి అని సైకియాట్రిస్టు అనుకుంటే గార్డియన్ ఒప్పుకోలు, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి రెండూ కావాలి. దాని ముందు సెక్షన్ ఇంకా గట్టిది, ఎమర్జెన్సీ అని చెప్పి కూడా ఈసీటీ ఇవ్వడానికి వీల్లేదు.

ఇది చదివితే మీకు కథ కనిపించలేదా? నాకైతే కనిపించింది, నేను రచయితను కాకపోయినా. ఆస్తి కోసం అన్నకు షాక్ ఇప్పించే విలన్‌ను మానేయమని నేను అనడం లేదు. విలన్లు ఉండాలి, లేకపోతే మా అమ్మ సీరియల్ చూడదు. వాడు చేసేది నేరం అని సీన్లో తెలియాలి, అంతే. వాడికి మత్తు డాక్టర్ దొరకాలి, ఒప్పుకోలు కాగితం మీద దొంగ సంతకం కావాలి, థియేటర్ స్టాఫ్ నోరు మూయించాలి. నాలాంటి టెక్నీషియన్ ఒకడు అనుమానపడి రిజిస్టర్ ఫొటో తీసి పెట్టుకుంటాడు. ఇవన్నీ మీకు ఎపిసోడ్లే కదా! ఊగే బల్బు కన్నా దొంగ సంతకంలో టెన్షన్ ఎక్కువ.

లేదా విలనే లేని కథ. భార్యకు ఈసీటీ చేయించాలా వద్దా అని సంతకం ముందు కూర్చున్న మొగుడు, కాగితం మీద కంటే ఫోన్‌లో మామగారి మాట మీద ధ్యాస పెట్టి. లేచాక నన్ను గుర్తుపడుతుందా అని వాడి భయం. ఆ భయం ఉత్తది కూడా కాదు, ఇక్కడ నేను పంచదార పూయను. దీనివల్ల జ్ఞాపకాలకు దెబ్బ ఉంది. చాలామందికి ఆ వైద్యం జరిగిన రోజులు, దాని చుట్టుపక్కల వారాలు సరిగ్గా గుర్తుండవు, కొత్త విషయాలు గుర్తుపెట్టుకోవడం కొన్ని వారాలు కష్టంగా ఉండి తర్వాత సర్దుకుంటుంది. కొంతమందికి అంతకు ముందువి కూడా కొన్ని పోతాయి, అవి మళ్లీ రావు, దాని గురించి బాధపడేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట కూడా నిజమే. నేను చెప్పిన ఆ అమ్మాయికి బిడ్డ తొలి వారాలు గుర్తులేవు. జబ్బు ఎంత తీసుకుంది, ఈసీటీ ఎంత తీసుకుంది అని విడదీసి చెప్పడం కష్టం. ఫోన్‌లో ఫొటోలు చూపిస్తుంటే అవి ఎవరివో అన్నట్టు చూసిందట. అదీ కాక, తగ్గినవాళ్లందరికీ తగ్గినట్టే ఉండదు, మందులు మానేస్తే కొందరికి తిరగబెడుతుంది. కాబట్టి షాక్ ఇవ్వగానే వెలుగు పడి వేణువు మోగే సీను రాసినా నేను ఇట్లాంటి ఉత్తరమే ఇంకొకటి రాస్తాను. నాకు కావలసింది పొగడ్త కాదు, ఉన్నదున్నట్టు.

మా దగ్గర పనిచేసే ఒక నర్సమ్మ అంటుంది, "కథోళ్లకు ఇవన్నీ చెప్తే చేతులు కట్టేసినట్టుంటది, వాళ్ల స్వేచ్ఛ వాళ్లకుండాలి" అని. నేను ఒప్పుకోను. స్వేచ్ఛ అంటే తెలిసి వదిలేయడం, తెలియక పాత సీడీ నుంచి ఎత్తుకోవడం కాదు. పైగా మీకు జాగ్రత్త అలవాటు లేనిదేం కాదు. సినిమాలో ఎద్దు చేత నటింపజేయాలంటే జంతు సంక్షేమ బోర్డు కాగితం తెస్తారు. 2012 నుంచి సిగరెట్ కనిపిస్తే కింద హెచ్చరిక వేస్తున్నారు (మా పక్కనే కందుకూరు, కొండపి వైపు పొగాకు మీద బతికేవాళ్లు ఆ హెచ్చరిక చదువుకుంటూనే సినిమా చూస్తారు, అది వేరే కథ). ఎద్దుకు నొప్పి కలగకూడదని చూసుకునే పరిశ్రమ, ఒక రోగి ఇంట్లోవాళ్లకు తప్పుడు భయం కలగకూడదని చూసుకోలేదా? అలాగని కింద చిన్నక్షరాల స్క్రోలింగ్ ఇంకొకటి వేయమని అడగడం లేదు, దాన్ని చదివే నాథుడు లేడు. సీనే మార్చమంటున్నా.

ఇందుకు పెద్ద పరిశోధన అక్కర్లేదు. నెల్లూరులో, ఒంగోలులో, దాదాపు ప్రతి ప్రభుత్వ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంటుంది. అసిస్టెంట్ డైరెక్టర్ ఒకరు వెళ్లి ఒక పూట అడిగి వస్తే చాలు. రోగులను చూపించరు, చూపించకూడదు కూడా, కానీ ఖాళీ గది, మిషన్, ఒప్పుకోలు కాగితం చూపించడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. మిషన్ చూశాక మీరు నిరాశపడతారేమో, గోడకు పెద్ద స్విచ్చు లేదు, చిన్న పెట్టె, బల్ల మీద సరిపోతుంది. అట్లాగే ఎర్రగడ్డ, వాల్తేరు అనగానే నవ్వు రావాలని రాసే డైలాగులు. వాటి గురించి ఎక్కువ చెప్పను, ఆ ఆస్పత్రుల ఓపీ దగ్గర టోకెన్ కోసం నిలబడ్డ మనిషి చెవిన ఆ మాట పడితే ఎట్లా ఉంటుందో మీరే రాయగలరు, అది మీ పనే.

చివరగా ఒక సొంత విన్నపం. మా అమ్మ రాత్రిపూట చూసే ఒక సీరియల్ ఉంది, పేరు చెప్పను. అందులో కోడలిని ఇప్పుడు ఒక నర్సింగ్ హోమ్‌లో మంచానికి కట్టేసి ఉంచారు, షాక్ ఇవ్వబోతున్నారని నాలుగు ఎపిసోడ్లుగా ప్రోమో వేస్తున్నారు. అమ్మ మొన్న నన్ను అడిగింది, "ఏంది, మీ ఆస్పత్రిలో గూడా ఇట్నే కట్టేస్తారా?" అని. ఇన్నేళ్లుగా నేను చేసే పని ఏమిటో తెలిసిన మనిషి! ఆ సీరియల్ రాసేవాళ్లు ఎవరో, ఈ ఉత్తరం చదువుతుంటే, ఆ అమ్మాయిని ఎట్లాగూ బయటికి తెస్తారు కదా, ఆ ఎస్సై పాత్ర ఒకటి ఉంది కదా ఊరికే తిరుగుతూ, అతని చేత ఆ డాక్టర్‌ను రెండు ప్రశ్నలు అడిగించండి: ఒప్పుకోలు మీద సంతకం ఎవరిది, మత్తు ఇచ్చేది ఎవరు? జవాబు లేకపోతే 95వ సెక్షన్ చెప్పి స్టేషన్‌కు తీసుకుపొమ్మనండి.